పంపుది కాదు తప్పు

మే నెల. మధ్యాహ్నం రెండున్నర. సుచిత్ర దాటి కొంపల్లి వైపు వస్తున్నాను. ఫ్లైఓవర్ పనుల కోసం నాగపూర్ రోడ్డు మధ్యలో రేకులు కట్టేశారు. బండ్లన్నీ పక్క రోడ్డులోకి దిగి ఒకదాని తోక ఒకటి పట్టుకుని పాకుతున్నాయి. ముందున్న లారీ కదిలింది. యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజను రెండుసార్లు గుటకలు మింగినట్టు చేసి ఆగిపోయింది. సెల్ఫ్ కొట్టాను. గిరగిరా తిరుగుతోంది గానీ అందుకోవడం లేదు. వెనక హారన్లు. కొబ్బరిబోండాల బండి దగ్గర నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు వచ్చి కారును పక్కకు తోశారు. ముప్పావుగంట ఆగి తాళం తిప్పితే ఏమీ జరగనట్టే స్టార్టయింది.

గ్యారేజీలో చెబితే రెండు నిమిషాల్లో తేల్చేశారు: ఫ్యూయల్ పంపు పోయింది. పదమూడు వేల చిల్లర అయింది. కొత్త పంపు పడింది. మూడు వారాలు బండి బంగారంలా నడిచింది. ఆ తర్వాత కండ్లకోయలో, ఔటర్ రింగు రోడ్డు ఎక్కే వంపులో, మళ్లీ అదే గుటక, అదే ఆగిపోవడం.

కొంపల్లి నుంచి మేడ్చల్ దాకా ఈ రోడ్డు పక్కన పంక్చర్ డబ్బా మొదలు పెద్ద కంపెనీ షోరూముల వరకూ బండి బాగుచేసే చోట్లకు కొదవ లేదు. అయినా వైర్లు మాత్రమే చూసే ఆటో ఎలక్ట్రీషియన్ దొరకడం కష్టం. నాకు దొరికినాయన వయసు యాభై దాటి ఉంటుంది. రేకుల షెడ్డు, ఒక బల్ల, గోడకు వేలాడే వైరు చుట్టలు. జేబులో పసుపుపచ్చ మల్టీమీటర్. నేను బానెట్ తెరవబోతే వద్దన్నాడు. "ముందు మీరు తాళం ఒక్క పాయింటు తిప్పండి సార్, సెల్ఫ్ కొట్టొద్దు" అని వెనక సీటు మీదకు వంగి చెవి పెట్టాడు.

ఈమధ్య కాలపు పెట్రోలు కారు దేనిలోనైనా తాళం తిప్పగానే వెనక సీటు కిందనుంచి జుయ్‌మని ఓ సన్నని మోత వస్తుంది. రెండు సెకన్లు వచ్చి ఆగిపోతుంది. అదే పంపు మోత. ఇంజను తిరగకముందే గొట్టంలో పెట్రోలును ఒత్తిడికి తెచ్చి పెడుతుంది. పదేళ్లుగా ఈ కారు నడుపుతున్నా, ఆ మోతను నేనెప్పుడూ పట్టించుకుని వినలేదు. ఆయన రెండుసార్లు విన్నాడు. "పంపు తిరుగుతుంది సార్. కానీ గొంతు చూడండి, నీరసంగ ఉంది. కొత్త పంపు గిట్ల మూలగొద్దు."

*

మన నాన్నల తరానికి ఈ బాధ తెలియదు. అంబాసిడర్‌కూ పద్మినికీ పెట్రోలు పంపు ఇంజను పక్కనే బోల్టులతో బిగించి ఉండేది. కామ్‌షాఫ్టు తిరుగుతూ ఒక మీటను తడుతుంటే లోపల రబ్బరు పొర పైకీ కిందకీ ఆడి ట్యాంకులోని పెట్రోలును లాక్కునేది. దానికి వైరే లేదు. ఎండాకాలంలో మాత్రం ఇంజను సెగకు గొట్టంలోని పెట్రోలు ఆవిరై పంపు వట్టిగాలిని లాగుతూ కూర్చునేది. నిజామాబాదు వెళ్లే దారిలో అంబాసిడర్ ఆపి, పంపు మీద తడిగుడ్డ చుట్టి, చెట్టు కింద కూర్చున్న జ్ఞాపకం నా ఈడువాళ్లలో చాలామందికి ఉంటుంది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడా మొదట కార్బురేటర్ బండే.

పొగ నిబంధనలు బిగిసేకొద్దీ కార్బురేటర్ పోయింది. 2005లో హైదరాబాదుతో సహా పెద్ద నగరాల్లో భారత్ స్టేజ్ 3 వచ్చేనాటికి కొత్త పెట్రోలు కార్లన్నీ ఇంజెక్షన్ బండ్లే. ఇంజెక్టర్ సన్నని తుంపరగా చల్లాలంటే పెట్రోలు మూడు, నాలుగు బార్‌ల ఒత్తిడితో రావాలి. రబ్బరు పొర వల్ల అయ్యే పని కాదది. అందుకని కరెంటు మోటారు వచ్చింది, అదీ ట్యాంకులో పెట్రోలులో మునిగి. పెట్రోలులో కరెంటు మోటారా అని మొదటిసారి విన్నవాళ్లు భయపడతారు. కానీ లోపల గాలి తగినంత ఉండదు కాబట్టి మంట పుట్టదు. పైగా ఆ పెట్రోలే మోటారును చల్లబరుస్తుంది. ఎప్పుడూ రిజర్వులో నడిపేవాళ్ల పంపులు తొందరగా పోవడానికి ఒక కారణం ఇదే. దాన్ని చల్లబరిచే పెట్రోలు అడుగంటుతుంది.

ఇంజను పక్కనుంచి ట్యాంకులోకి పోయిన రోజు నుంచీ పంపు బతుకు ఒక పొడుగాటి వైరు మీద ఆధారపడింది. బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరిన కరెంటు ఫ్యూజు దాటాలి, రిలే దాటాలి, తలుపు కింద కార్పెట్ వెంట వెనక్కి పోయి, వెనక సీటు కింద ట్యాంకు మూత మీదున్న కప్లర్‌లోకి దిగాలి. మోటారు తిప్పి, ఎర్త్ వైరు గుండా బాడీ రేకులోకి ఎక్కి, ఆ రేకు వెంట తిరిగి బ్యాటరీ మైనస్‌కు చేరాలి. పోయే దారి గురించే అందరం ఆలోచిస్తాం. తిరిగొచ్చే దారి కూడా దారేనన్న సంగతి మరిచిపోతాం.

*

ఆయన పని చేసిన తీరు నాకు ఇంకా కళ్లకు కడుతోంది.

ముందు అగ్గిపెట్టె, సిగరెట్టు పట్టుకున్నవాళ్లెవరైనా ఉన్నారేమో చుట్టూ చూశాడు. పక్క షెడ్డులో వెల్డింగు నడుస్తుంటే వెళ్లి ఆపమని చెప్పి వచ్చాడు. మంట ఆర్పే సిలిండరు తెచ్చి టైరు పక్కన పెట్టాడు. కారు తలుపులు నాలుగూ తెరిచాడు. వెనక సీటు లేపితే గుండ్రని మూత, దాని మీద నల్లని కప్లర్ కనిపించాయి. ట్యాంకు మూత తియ్యలేదు, పెట్రోలు గొట్టం ముట్టలేదు. కరెంటు చూడ్డానికి పెట్రోలు బయటకు రావాల్సిన పనే లేదన్నాడు. గొట్టం విప్పాల్సి వస్తే మాత్రం ముందు లోపలి ఒత్తిడి దించి, బ్యాటరీ మైనస్ తీసి పెట్టాకే చెయ్యి వేస్తాడట.

కప్లర్ ఊడదీసి, తాళం తిప్పమని, ఆ రెండు సెకన్లలో మీటరు పెట్టాడు. 12.4 ఓల్టులు. నా ప్రాణం ఉసూరుమంది. కరెంటు బ్రహ్మాండంగా వస్తోంది కదా, అంటే మళ్లీ పంపేనా! ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇది ఉత్త ఓల్టేజి సార్. దీన్ని నమ్మొద్దు."

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. మల్టీమీటర్ తాను కొలిచే దాన్నుంచి కరెంటును దాదాపు తీసుకోదు. వైరులో ఇరవై రాగి పోగులు తెగిపోయి ఒక్క పోగు మిగిలినా మీటరు పన్నెండు ఓల్టులే చూపిస్తుంది. మన అపార్టుమెంటు కుళాయిలనే తీసుకోండి. గొట్టమంతా తుప్పుతో పూడుకుపోయినా, కుళాయి కట్టేసి ఉన్నంతసేపూ లోపల ఒత్తిడి నిండుగానే ఉంటుంది. కుళాయి తిప్పాకే తెలుస్తుంది ధార రాదని. కరెంటు కూడా అంతే. పంపు తాగుతుండగా కొలవాలి.

అందుకని కప్లర్ మళ్లీ పెట్టాడు. పంపు రెండు సెకన్లకే ఆగిపోతే కొలవడానికి వీల్లేదు. ముందుకు వెళ్లి ఫ్యూజు పెట్టెలోంచి పంపు రిలే పీకి, దాని గూట్లో 30, 87 అని రాసి ఉన్న రెండు కాళ్ల మధ్య ఫ్యూజున్న చిన్న వైరు ముక్క గుచ్చాడు. పంపు ఆగకుండా మోగడం మొదలైంది. ఆ అంకెలు ఎవరికీ తోచినట్టు వేసినవి కావు. డీఐఎన్ 72552 అనే జర్మన్ ప్రమాణంలోవి. 30 అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, 87 అంటే రిలే అవతలికి పంపేది, 85, 86 లోపలి చుట్టకు. జర్మనీలో కుదిర్చిన ఆ అంకెలనే కొంపల్లి షెడ్డులో ఈయన వేళ్ల మీద చెబుతాడు.

పంపు నడుస్తుండగా కప్లర్ వెనకనుంచి, వైరు పక్కనే సన్నని పిన్ను దూర్చి కొలిచాడు. 9.2.

అదే క్షణంలో బ్యాటరీ మీద 12.4 ఉంది. మధ్యలో మూడు ఓల్టులకు పైగా ఎక్కడో పోతున్నాయి. ఎక్కడ? ఒక పొడుగాటి వైరు తీసి మీటరు ఎర్ర ముల్లు బ్యాటరీ ప్లస్ మీద, నల్ల ముల్లు పంపు ప్లస్ మీద పెట్టాడు. 0.3. పోయే దారి బాగుంది. ఈసారి పంపు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కు. 2.9.

నేను కాగితం మీద కూడాను. 9.2, 0.3, 2.9. మొత్తం 12.4. ఒక్క పాయింటు తేడా లేదు. లెక్క అలా సరిపోయేసరికి నాకు ఒళ్లు జలదరించింది. ఇంతకాలం పంపు, పంపు అని అందరం దాన్నే అనుమానించాం. దొంగ దొరికింది తిరుగు దారిలో.

డ్రైవరు వెనక సీటు పక్కన కార్పెట్ లేపాడు. బాడీకి బిగించిన బోల్టు కింద నాలుగు ఎర్త్ వైర్లు ఒకే రింగులో. రింగు చుట్టూ పచ్చని చిలుము, కింద రేకు మీద తుప్పు పొర. చూపుడువేలి గోరంత చోటు. పంపు తాగే కరెంటు సుమారు ఐదు ఆంపియర్లు. 2.9ని ఐదుతో భాగిస్తే అర ఓముకు కాస్త ఎక్కువ. ఇంట్లో బల్బుకు అర ఓము లెక్కలోకి రాదు. పన్నెండు ఓల్టుల మీద బతికే మోటారుకు మాత్రం అది పీక మీద వేలు. పైగా ఆ మూడు ఓల్టులు ఎటూ పోవు, అక్కడే వేడవుతాయి. వేడెక్కేకొద్దీ ఆ అతుకు ఇంకా అడ్డుపడుతుంది. ఎండలో ఆగిపోవడం, చల్లారితే నడవడం అందుకే. కొత్త పంపు వేశాక మూడు వారాలు బాగుండటమూ అందుకే. సీటు లేపినప్పుడు ఆ వైర్లు కదిలాయి, చిలుము గీసుకుపోయి కొన్నాళ్లు అంటుకుంది.

ఓల్టేజికీ కరెంటుకూ ఉన్న ఈ లెక్కను గేయోర్గ్ ఓమ్ 1827లో పుస్తకంగా వేశాడు. ఆయన కొలోన్‌లో బడి పంతులు. సొంత దేశంలో పండితులు చాలాకాలం పట్టించుకోలేదు. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చాకే పేరొచ్చింది. ఇంటర్‌లో ఆ సూత్రాన్ని పరీక్ష కోసం బట్టీపట్టిన నేను, దాన్ని బతికుండగా చూసింది ఆ కార్పెట్ కిందే.

*

ఆ చిలుము ఎలా వచ్చిందని అడిగితే ఆయన ఎదురు ప్రశ్న వేశాడు: "బండి ఎన్నడన్న నీళ్లల్ల ఉన్నదా సార్?"

ఉంది. 2020 అక్టోబరు 13 రాత్రి హైదరాబాదును ముంచెత్తిన వానను ఈ వైపు వాళ్లెవరూ మరవరు. ఫాక్స్ సాగర్ చెరువు నిండి కొంపల్లి ఉమామహేశ్వర కాలనీ ఇళ్లు నీట మునిగాయి. మా వీధిలో నీళ్లు ఒక్క రాత్రి కారు తలుపు గడప దాకా వచ్చి తీశాయి. కార్పెట్లు తీసి ఎండలో ఆరేశాం. ఇంజను బాగుంది, బండి నడిచింది, సంగతి మరిచిపోయాం. కానీ మురికినీరు బోల్టు కిందా కప్లర్ గూట్లోనూ దాక్కున్నది ఎండలో ఆరలేదు. రాగిని మెల్లగా తిన్నది. నీటి దెబ్బ ఆ వారంలోనే బయటపడాలని లేదు, ఏళ్లు పట్టొచ్చు. ఇప్పుడు పాత కారు కొనే ఎవరికైనా నేను చెప్పేదొకటే. రంగూ టైర్లూ చూసుకోండి, సరే. వెనక సీటు లేపి, కార్పెట్ కింద బోల్టులకు పచ్చని చిలుము ఉందేమో కూడా చూడండి.

ఈ ప్రాంతంలో ఆయనకు తరచూ తగిలే మరో జబ్బు ట్రాకర్లది. ఫైనాన్సు మీద తీసుకున్న బండ్లకూ కిరాయి బండ్లకూ జీపీఎస్ పెట్టెలు బిగిస్తారు. దూరంనుంచి ఒక్క మెసేజితో బండిని ఆపే వీలుండాలని కొన్నిటికి చిన్న రిలే ఒకటి కలుపుతారు. దాన్ని కలిపేది ఎక్కడంటే చాలాసార్లు పంపు వైరు కోసి, ఆ మధ్యలో. కోసిన కొసలు మెలేసి టేపు చుట్టి వదిలేస్తారు. రెండు ఎండాకాలాలకు టేపు జిగురు కారిపోతుంది, మెలిక వదులవుతుంది. క్యాబు నడిపే మనిషి రాత్రి ఎయిర్‌పోర్టు కిరాయితో నడిరోడ్డు మీద నిలబడిపోతాడు. స్కానర్ పెడితే తప్పు చూపదు, ఎందుకంటే కంపెనీ వేసిన పటంలో ఆ రిలేయే లేదు. గ్యాసు కిట్టు బయట వేయించుకున్న బండ్లలోనూ ఇదే కథ. పెట్రోలు నుంచి గ్యాసుకు మారినప్పుడు పంపును ఆపడానికి వేసిన రిలే, మళ్లీ పెట్రోలుకు మారినప్పుడు కలవకుండా మొండికేస్తుంది. అందుకే ఆయన తన దగ్గరికొచ్చిన ప్రతి బండికీ మొదట అడిగేది బయట ఏమేం బిగించారని.

ఇక ఎలుకలు. దూలపల్లి, గుండ్లపోచంపల్లి వైపు కొత్త ఇళ్ల పక్కన ఖాళీ ప్లాట్లలో పిచ్చిచెట్లు మొలిచి ఉంటాయి. వానాకాలంలో ఎలుకలకు వెచ్చని ఇల్లు కావాలంటే కారు బానెట్ కిందే. వైరు పైతొడుగు కొరికితే రాగి బయటపడి రేకుకు తగిలి ఫ్యూజు కొట్టేస్తుంది. ఫ్యూజు మార్చగానే మళ్లీ కొడితే ఇంకా పెద్ద ఫ్యూజు వేసే పని మాత్రం ఎన్నడూ చెయ్యకూడదు. పదిహేను ఆంపియర్ల చోట ముప్పై వేస్తే ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది. అదీ పెట్రోలు ట్యాంకు దాకా పోయే వైరు. ఈ ఒక్క మాట అచ్చులో చూడాలని ఆయన నన్ను ప్రత్యేకంగా అడిగాడు.

*

పంపు అసలు మోగకపోయినా తప్పు దానిదే అని తేల్చెయ్యలేం. పంపు రిలేను నడిపేది ఇంజను కంప్యూటర్. తాళం తిప్పగానే రెండు సెకన్లు ఆన్ చేస్తుంది. ఆ తర్వాత ఇంజను నిజంగా తిరుగుతోందని క్రాంక్ సెన్సర్ కబురు పంపితేనే పంపును నడవనిస్తుంది. ప్రమాదంలో ఇంజను ఆగిపోతే పంపు పెట్రోలు కుమ్మరిస్తూ ఉండకూడదు కదా, ఆ ముందుజాగ్రత్త కోసం. క్రాంక్ సెన్సర్ వేడికి చచ్చినా బండి సరిగ్గా నా బండిలాగే ఆగుతుంది. ఇంట్లోనే తెలుసుకునే గుర్తొకటి ఉంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్పీఎం ముల్లు చూడండి. చాలా కార్లలో అది కాస్తయినా లేస్తుంది. అసలు కదలకపోతే అనుమానం సెన్సర్ మీదికి పోవాలి. డాష్‌బోర్డు మీద తాళంచెవి బొమ్మ ఆగకుండా మినుకుమంటుంటే కంప్యూటర్ మీ తాళాన్ని గుర్తుపట్టలేదని, పెట్రోలు కావాలనే ఆపిందని అర్థం. రిలే అనుమానమైతే దాని మీద వేలు పెట్టి తాళం తిప్పించండి. టక్కున తగిలితే చుట్ట పనిచేస్తోంది. అయినా లోపలి ముఖాలు కాలి నల్లబడి ఉండొచ్చు. అదే రకం రిలే, హారన్‌దో మరొకటో, మార్చి చూడటం అన్నిటికన్నా చవక పరీక్ష.

పంపే చెడే సందర్భాలూ నిజంగా ఉన్నాయి, అవి చిన్నవేం కావు. 2020 జులైలో మారుతి సుజుకి పంపు లోపం అనుమానంతో 1,34,885 వాగన్ఆర్, బాలెనో కార్లను వెనక్కి పిలిచింది. 2024 అక్టోబరులో హోండా 90,468 కార్లను పిలుస్తున్నట్టు ప్రకటించింది, పంపులోని ఇంపెల్లర్ అనే చిన్న చక్రం చెడిపోవచ్చని. అలాంటి కార్లకు పంపు ఉచితంగా మారుస్తారు. కాబట్టి పంపు మార్చాలని ఎవరైనా అంటే ముందు మీ బండి ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైటులో కొట్టి చూసుకోండి. పంపుకు నిండు ఓల్టేజి, నిండు ఎర్త్ అందుతూ ఉండి, ఒత్తిడి మాత్రం రాకపోతే, అప్పుడు దాన్ని మార్చడం న్యాయం.

ఆ కొలతకు పట్టేది పావుగంట. మరి మొదటిసారే ఎందుకు కొలవలేదు? ఈ ప్రశ్న నన్ను చాలారోజులు వదల్లేదు. ఎలక్ట్రీషియన్‌నే అడిగాను. ఆయన బోల్టు విప్పుతూ తలెత్తకుండా చెప్పాడు: "కనిపెట్టినందుకు ఎవరూ పైసలియ్యరు సార్. ఏదన్న మారిస్తేనే ఇస్తరు. నేను రెండు గంటలు కష్టపడి ఒక్క వైరు దొరకబట్టి, ఐదు వందలు అడిగితే, ఒక్క వైరుకు ఐదు వందలా అంటరు. అదే ఐదు వేల సామాను మారిస్తే నోరు మూసుకొని ఇస్తరు."

ఆ మాట నిజం. నేనూ అలాగే ఇచ్చాను. పదమూడు వేలకు బిల్లు చేతికొస్తే అట్టపెట్టెలో కొత్త వస్తువు కనిపించింది కాబట్టి మారు మాట్లాడలేదు. డాక్టరు నాడి చూసి, టెస్టులు రాసి, జబ్బు పేరు చెబితే ఫీజు ఇస్తాం. మెకానిక్ జబ్బు పేరు చెబితే మాత్రం అది పని కాదనుకుంటాం. మనం వెతుకులాటకు వెల కట్టనంతకాలం వెతికేవాళ్లు తగ్గిపోతూనే ఉంటారు. మీటరుతో నాలుగు కొలతలు తీసే ఓపిక ఉన్న మనిషి మన రోడ్డు మీద ఉన్నాడంటే, ఆయన వెతికిన గంటలకు అడిగినంత ఇచ్చి రావాలి. ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివి కొత్తగా షెడ్డు పెట్టే పిల్లలు కొలతల చార్జీ ఇంత అని బోర్డు రాసి పెట్టాలని నా కోరిక. రాస్తే సిగ్గుపడాల్సిందేమీ లేదు.

*

ఆయన రేకు మీది రంగూ తుప్పూ గరుకు కాగితంతో మెరిసేదాకా గీశాడు. పాత రింగు కోసేసి నాలుగు వైర్లకూ కొత్త రింగులు వేసి, అతుకులు నొక్కి, సోల్డర్ పోసి, బోల్టు బిగించాడు. పైన వేలితో వాజలీన్ పూశాడు, తేమ తగలకుండా. మళ్లీ పంపు ఆన్ చేసి, పంపు మైనస్ నుంచి బ్యాటరీ మైనస్‌కు మీటరు పెట్టాడు. 0.06. సీటు కింద మోత మారింది. ఇందాకటి మూలుగు పోయి, సన్నగా, పదునుగా వినిపిస్తోంది. వినండి అన్నట్టు నా వైపు చూశాడు.

డిక్కీలో పాత పంపు న్యూస్‌పేపర్లో చుట్టి ఉంది. గ్యారేజీవాళ్లు ఇచ్చింది పారెయ్యకుండా పెట్టుకున్నాను. తీసి ఇచ్చాను. రెండు కాళ్ల మీదా మీటరు ముళ్లు పెట్టి, మోటారును కొంచెం కొంచెంగా తిప్పుతూ నాలుగుచోట్ల ఓములు చూశాడు. ఎక్కడా తెగలేదు. వాసన చూశాడు, కాలిన వాసన లేదు. పేపర్లో మళ్లీ జాగ్రత్తగా చుట్టి నా చేతిలో పెట్టాడు.

"మంచిగనే ఉంది సార్. దాచి పెట్టుకోండి."

మా ఇంటి అటక మీద ఉంది, ఇప్పటికీ.